కాలిన ముఖం వేషం కాదు

పాఠకులారా, మీ పిల్లవాడు పాఠశాల వార్షికోత్సవానికి జోకర్ వేషం వేస్తానంటే కాదనకండి. ఆకుపచ్చ జుట్టు, ఊదారంగు కోటు, తెల్లని పూత: వీటిపై నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమంతా ఆ తరువాత జిగురుతో, టిష్యూ కాగితంతో చెంపలపై అతికించే కోతగాయాల మీదనే. 'టూ ఫేస్' వేషానికైతే సగం ముఖం కాలినట్లు దిద్దుతున్నారు. హైదరాబాదు కామిక్ కాన్‌లోనైనా, మన పొందూరు బడిలోనైనా ఇది నాకు సమ్మతం కాదు.

2008లో వచ్చిన 'ది డార్క్ నైట్' చిత్రంలో హార్వీ డెంట్ నిజాయితీపరుడైన న్యాయవాది. ముఖం సగం కాలిన తరువాత హంతకుడవుతాడు. ప్రియురాలి మరణమే కారణమని కథ చెబుతుంది. ప్రేక్షకుని కంటికి కనిపించేది మాత్రం కాలిన చెంప. 2017 నాటి 'వండర్ ఉమన్' మరింత అన్యాయం చేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు అన్నా కోల్మన్ లాడ్ అనే అమెరికన్ శిల్పి పారిస్‌లో తొడుగులు చేసి ఇచ్చింది. నలుగురిలోకి రావడానికి వారికి ధైర్యమిచ్చిన అటువంటి తొడుగునే, అదే యుద్ధం నేపథ్యంగా తీసిన ఈ సినిమా విషవాయువు తయారుచేసే స్త్రీకి తగిలించింది!

కాలిన గాయం మానినంత మాత్రాన బాధ తీరదు. చర్మం ముడుచుకొని మెడ ఛాతీకి అంటుకుపోతుంది, కనురెప్ప మూతపడదు, పెదవి పక్కకు లాగుతుంది. శస్త్రచికిత్సలు, వ్యాయామాలు నెలల తరబడి సాగాలి. కట్టెల పొయ్యి దగ్గర చీరకు నిప్పంటుకున్న ఇల్లాలు ఆ చికిత్సకు రావాలంటే బస్సెక్కాలి, పదిమంది చూపులు భరించాలి. ఆ చూపులకు జడిసి ఇంట్లోనే కొంగు కప్పుకొని కూర్చున్నవారిని వైద్యులందరూ ఎరుగుదురు.

2019 నాటి 'జోకర్' కథానాయకునికి ఆపుకోలేని నవ్వు వస్తుంది. అటువంటి లక్షణం నిజంగానే ఉంది; పక్షవాతం తరువాత, మెదడుకు దెబ్బ తగిలిన తరువాత కొందరికి వస్తుంది, మందులతో తగ్గుతుంది. చికిత్స ఆగిపోయేలా చేసిన ప్రభుత్వాన్నే ఆ సినిమా నిందించింది కదా అని వాదించేవారున్నారు. నిజమే. కాని హాలు వదిలాక గుర్తుండేది ఆ నింద కాదు, మెట్లపై నృత్యం. తీవ్ర మానసిక వ్యాధిగ్రస్తులు హింస చేయడం కన్న హింసకు గురికావడమే ఎక్కువ. ఆ మాట చెప్పే వేషం ఎవరూ వేయరు.

మచ్చ లేకపోతే దుష్టత్వం పండదా? 'నర్తనశాల'లో ఎస్.వి. రంగారావు గారి కీచకుణ్ణి తలచుకోండి. ముఖాన గాయం లేదు, గూని లేదు. చూపులో, గొంతులో ఉన్నది దుర్మార్గం. (మన మంథర గూనితనం కూడ ఈ తప్పు కోవలోనిదే, ఒప్పుకోక తప్పదు.) ముఖంపై మచ్చలున్న ప్రతినాయకుల చిత్రాలకు నిధులివ్వబోమని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2018లోనే ప్రకటించింది. వికలాంగులను తెరపై చూపే తీరు గురించి మన సుప్రీంకోర్టు 2024 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. వేషాల పోటీకి న్యాయనిర్ణేతలుగా కూర్చునే ఉపాధ్యాయులు కనీసం గాయపు అలంకరణకు మార్కులు వేయడం మానుకోవచ్చు.

మరొక్క హెచ్చరిక. గాయాలు అతికించడానికి సూపర్ గ్లూ వాడకండి. అది నూలుబట్టకు తగిలితే ఒక్కసారిగా వేడెక్కి నిజంగానే చర్మాన్ని కాల్చగలదు. అలా జరిగితే ధారగా పారే చల్లని నీటి క్రింద ఇరవై నిమిషాలు ఉంచి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. అంటుకున్న బట్టను లాగవద్దు.