జాబితాలో లేని ఇల్లు



శ్రమకాలము దగ్గర పడుతోందంటే మా చిన్న సంఘంలో అందరికంటే ముందు బయటకు వచ్చేది కార్యదర్శి గారి పొడుగాటి నోటు పుస్తకం. ఏ సాయంత్రం ఎవరి ఇంట ప్రార్థనో అందులో జాబితా వ్రాస్తారు. మీ సంఘాలలోనూ ఈ పద్ధతి ఉండే ఉంటుంది. భస్మ బుధవారము మొదలు ఈస్టరు ముందటి శనివారము వరకు 46 దినములు. ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే గనుక ఆ ఆరు ఆదివారాలు తీసివేస్తే 40. మొదటి బుధవారమూ, చివరి గురు, శుక్ర, శనివారములూ మందిరంలోనే కూడుకొంటాము. ఇక మిగిలేవి 36 సాయంత్రాలు. మా సంఘంలో కుటుంబాలు 37. ఒకే వాకిట్లో ఉంటున్న అన్నదమ్ములిద్దరు ఒక సాయంత్రాన్ని పంచుకొంటారు, లెక్క సరిపోతుంది. మేము ఈ ఊరికి వచ్చిన కొత్తలో మా అయ్యగారు ఈ లెక్క చూసి, ఇది మనుష్యులు కుదిర్చింది కాదని నవ్వేవారు.

2025 లో ఆ లెక్క తప్పింది. తప్పిన సంగతి నాలుగు వారాల దాకా ఎవరమూ గమనించలేదు. స్త్రీల సమాజం నా చేతిలో ఉంది, ఏ ఇంట పొయ్యి వెలిగిందో వెలగలేదో నాకు తెలుసునని అనుకొంటూ ఉంటాను. నేనూ గమనించలేదు.

మాది పల్నాడు వైపు ఊరు. శ్రమకాలము ఎప్పుడు వచ్చినా మాకు మిరప కోతల్లోనే వస్తుంది. మా స్త్రీలలో చాలామంది తెల్లవారకముందే ముఠాలతో ఆటో ఎక్కి కోతకు పోతారు. సాయంత్రం వచ్చి, నాలుగు చెంబులు పోసుకొని, తల ఆరకుండానే ప్రార్థనకు వస్తారు. మంట చేతులకు నూనె రాసుకొంటారు, మజ్జిగలో ముంచుతారు, అయినా పోదు. మా ప్రార్థనల్లో కన్నీరు వస్తే చేత్తో తుడుచుకొనేవారు ఉండరు. కొంగుతోనే అద్దుకొంటారు. చంటిపిల్లల ముఖం మీద చెయ్యి పడకుండా చూసుకొనే తల్లులు వీళ్లు. పట్నం నుండి వచ్చిన ఒక దైవజనుడు మా వాళ్లకు ఉపవాసం గురించి గంటసేపు బోధించాడు. వింటున్నవారిలో సగం మంది మధ్యాహ్నం చేలో సద్ది తప్ప ఏమీ ఎరుగరని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మేము వచ్చినప్పుడు ఈ ఇంటింటి కూడికల్లో ఏముండేది? వాకిట్లో చాప, ఒక లాంతరో బల్బో, బిందెడు నీళ్లు. కీర్తన, వాక్యం, ప్రార్థన. పిల్లలకు ఎవరైనా బెల్లం ముక్క పెడితే అదే పండుగ. తరువాత ఒక ఇంట టీ పోశారు. టీ పోసిన ఇంటికి మంచి పేరు వచ్చింది. మరుసటి సంవత్సరం అందరి ఇళ్లలోనూ టీ. టీ ఉన్నాక బిస్కెట్టు లేకపోతే ఎలా? ఆ తరువాత హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన కుర్రవాడి ఇంట ఉప్మా, అరటిపండు పెట్టారు. అక్కడి నుండి పులిహోర, బజ్జీ, చల్లని సీసాలు, అద్దె కుర్చీలు, మైకు. ప్రభువు శ్రమలను ధ్యానించే 40 దినాల్లో మా సంఘం బరువు పెరుగుతోందని మా అయ్యగారు ఒకసారి ప్రసంగంలో అన్నారు. అందరూ నవ్వారు. మరునాటి సాయంత్రం యథాప్రకారం బజ్జీలు వచ్చాయి. నేనూ తిన్నాను. బాగానే ఉన్నాయి.

2025 ఏప్రిల్ మొదట్లో ఒక సాయంత్రం కలిగిన కుటుంబం వారి ఇంట కూర్చున్నప్పుడు, మొదటి వారంలోనే ఇక్కడికి వచ్చాము కదా అని నాకు తట్టింది. కార్యదర్శి గారిని అడిగాను.

"అవునమ్మగారూ, ఒక సాయంత్రం మిగిలితే వీళ్లు రెండోసారి పెట్టుకొంటామన్నారు."

"ఎలా మిగిలింది?"

ఆయన కొంచెం నసిగి, చివరి వీధిలో ఉండే విధవరాలైన అక్క తన పేరు వ్రాయవద్దన్నదని చెప్పాడు. ఇల్లు చిన్నది, చోటు చాలదు అన్నదట. ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకొన్నాడట.

ఆమె ఇల్లు చిన్నదే. పన్నెండేళ్లుగా అంతే చిన్నది. ప్రతి సంవత్సరమూ మేము సందులో చాపలు వేసుకొని కూర్చుంటూనే ఉన్నాము.

మరునాడు మధ్యాహ్నం వెళ్లాను. ఆ సంవత్సరం మిర్చి ధర బాగా పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద మన రాష్ట్రం మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలని ధర నిర్ణయించింది. మాలో కౌలుకు చేసినవాళ్లు ఆఖరు కోత కోయించాలా, చేలోనే వదిలేయాలా అని లెక్కలు వేసుకొంటున్నారు. కూలి దినాలు తగ్గాయి. అందుకే ఆమె ఇంట్లోనే ఉంది.

"ఏంటక్కా, మా మీద కోపమా?" అన్నాను.

"అయ్యో, కోపమేంటి అమ్మగారూ! చోటు చాలదని..." అని పీట వేసి, లోపలికి పోయింది.

ఆమె మనవరాలు గడప దగ్గర బియ్యం ఏరుతోంది. ఏడో తరగతి పిల్ల. తల ఎత్తకుండా అన్నది: "పోయినేడు మంచి శుక్రవారం నాయనమ్మ కోతకు పోయింది కదా అమ్మగారూ. ఆ ఉప్మా అప్పుకే."

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

2024 లో ఈమె సాయంత్రం ఆఖరు వారాల్లో వచ్చింది. అందరిలాగే తానూ పెట్టాలని, నలభై మందికి ఉప్మా, టీ, బిస్కెట్లు, కుర్చీల అద్దె కోసం ముఠా మేస్త్రి దగ్గర 2,000 రూపాయలు ముందుగా తీసుకొన్నది. తీసుకొన్నాక మేస్త్రి రమ్మన్న రోజు రానంటే కుదరదు. మార్చి 29, మంచి శుక్రవారం నాడు ఆయన రమ్మన్నాడు. పన్నెండు నుండి మూడు వరకు మేము మందిరంలో ఏడు మాటలు ధ్యానిస్తుండగా ఈమె ఎండలో కాయలు కోసింది.

ఇందులో నా పాపము వేరే ఉన్నది. ఈస్టరు తరువాతి స్త్రీల సమాజంలో, అందరూ ఉండగా, పేరు చెప్పకుండానే అందరికీ తెలిసేటట్టు నేను అన్నాను: ప్రభువు మనకోసం సిలువ మీద వేలాడిన ఆ మూడు గంటలు కూడా కూలి మానుకోలేమా అని. ఆమె రెండో వరుసలో కూర్చుని ఉన్నది. తల వంచుకొని విన్నది. ఆమె ఇంట నేను తిన్న ఉప్మా కోసమే ఆమె ఆ కూలికి పోయిందని నాకు అప్పుడు తెలియదు. తెలియదు అనడం జవాబు కాదు. అడగలేదు.

ఆ ఆదివారం, ఏప్రిల్ 6 న, పెద్దల కూటం జరిగింది. నీళ్లు తప్ప ఏ ఇంటా ఏమీ పెట్టకూడదని మా అయ్యగారు ప్రతిపాదించారు. ఇది సులువుగా తేలుతుందనుకొన్నాము. తేలలేదు. ఒక పెద్ద, మమ్రేలో అబ్రాహాము ముగ్గురు అతిథులకు ఎలా వడ్డించాడో గుర్తు చేసి, ఆతిథ్యం మానమని ఏ వాక్యం చెబుతుందని అడిగాడు. మరొకరు, ఇంటికి వచ్చినవాళ్లను వట్టి నోటితో పంపితే ఊళ్లో మన మర్యాద ఏమవుతుందన్నారు. ఒక యౌవనస్థుడు మంచి మనసుతోనే, తలా 50 రూపాయలు వేసి, లేని ఇళ్లకు సంఘమే ఖర్చు పెడదామన్నాడు. ఇది నాకూ నచ్చింది. అప్పుడు కూలి చేసుకొనే మా పెద్ద ఒకాయన, ఎప్పుడూ మాట్లాడనివాడు, నిలబడ్డాడు.

"మీ డబ్బుతో నా వాకిట్లో టీ పోస్తే, ఏ ముఖంతో పోయాలయ్యా నేను?"

తరువాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కొరింథులో జరిగింది దాదాపు ఇదే అని మా అయ్యగారు చూపించారు. మొదటి పత్రిక 11వ అధ్యాయం మనం సంస్కారపు ఆదివారం నాడు చదివి ఊరుకొంటాము. దాని పై వచనాల్లో ప్రభువు బల్ల దగ్గరే ఒకడు ఆకలితోను, ఒకడు మత్తుతోను ఉన్నాడు. ఏమీ లేనివారి తల వంచుతున్నారని పౌలు అక్కడ మందలిస్తాడు. ఆ సంఘమూ మనలాంటి ఇళ్లలో కూడుకొన్నదే.

నాకు మరొకటి గుర్తుకు వచ్చింది. రెండవ శతాబ్దంలో రోములో వ్రాయబడిన 'హెర్మాసు కాపరి' అనే పుస్తకంలో ఉపవాసం చేసే పద్ధతి ఒకటి ఉన్నది. ఆ రోజు నీవు తినవలసిన భోజనం ఖరీదు లెక్కగట్టి, ఆ మొత్తాన్ని విధవరాలికో, దిక్కులేని బిడ్డకో ఇవ్వాలి. ఆ కాలపు వాడే అయిన ఏథెన్సు అరిస్తీదు కూడా, క్రైస్తవులు బీదవానికి పెట్టడానికి తమ దగ్గర మిగులు లేకపోతే రెండు మూడు రోజులు ఉపవాసముండి ఆ ఆహారం అతనికి పెడతారని చక్రవర్తికి వ్రాశాడు. వాళ్లు విధవరాలి కోసం మానుకొన్నారు. మేము విధవరాలి చేత అప్పు చేయించి తిన్నాము.

చివరకు నీళ్లే అని తీర్మానమైంది. కలిగినవారి ఇంట ముందు అమలు కావాలని కూడా వ్రాసుకొన్నారు, ఇది మంచి మాట. పెట్టాలని మనసున్నవారు ఆ ఖర్చుకు బియ్యం కొని మందిరంలో పిడికెడు బియ్యం డబ్బాలో పోయవచ్చు. వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవుని కోసం పక్కన పెట్టడం మనలో పాత అలవాటే. మిజోరాంలో సంఘ స్త్రీలు 1910 నుండి ఈ పిడికెడు బియ్యంతో ఎంత పని జరిగించారో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అయితే ఆ డబ్బాలో నుండి తీసుకోవడానికి ఎవరు ముందుకు వస్తారన్నది మాకు ఇంకా తేలలేదు. ఆ అక్క మాత్రం రాదు.

మరోచోట సర్దుబాటు చేసి ఏప్రిల్ 15, మంగళవారం ఖాళీ చేశారు. నేను వెళ్లి అక్కను అడిగాను. వెంటనే ఒప్పుకోలేదు. వచ్చే సంవత్సరం చూద్దామన్నది. ఆదివారం మట్టలు పట్టుకొని పిల్లలు వీధి తిరిగి వచ్చాక, ఆమే వచ్చి, "వ్రాయండి" అని కార్యదర్శి గారితో చెప్పి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం సందంతా చాపలే. ఈస్టరు పౌర్ణమిని అనుసరించి వస్తుంది గనుక ఆఖరు వారపు కూడికలకు ఎప్పుడూ వెన్నెల తోడుంటుంది. పౌర్ణమి వెళ్లి రెండు రోజులైనందున ఆ వేళ చంద్రుడు కాస్త ఆలస్యంగా వచ్చాడు. వరుస ప్రకారం గెత్సేమనే భాగం చదివారు. ప్రార్థన కాగానే అక్క కొత్త కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. ఆమెకున్నవి ఆరు గ్లాసులు. ఆరుగురు తాగడం, మనవరాలు కడగడం, మరో ఆరుగురు. నలభై మందికి నీళ్లు అందడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ లేవలేదు. పెళ్లి సంబంధాలు, పరీక్షలు, మిర్చి ధర, అన్నీ మాట్లాడుకొన్నారు.

అందరూ వెళ్లాక నేను ఆగి, పోయినేడు సమాజంలో నేనన్న మాటకు క్షమించమని అడిగాను.

"ఇప్పుడెందుకులేండి అమ్మగారూ" అన్నది. కాసేపటికి, "ఆ రోజు బాగా ఏడ్చాను" అని కూడా అన్నది. చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకొంది. "కాయ చేతులు, మీకు మండుతాయి."

ఆ మంచి శుక్రవారం ఆమె మందిరానికి వచ్చింది.

ఇంతటితో ఆపితే అంతా చక్కబడిందని మీరనుకొంటారు. అంతా చక్కబడలేదు. మా సంఘంలో ఒక తల్లి ఉంది. ఆమె కొడుకు బండి ప్రమాదంలో పడి బ్రదికాడు. బ్రదికితే శ్రమకాలంలో సంఘమంతటికీ పులిహోర పెడతానని దేవునికి మొక్కుకొన్నది. ఆమె వంతు తీర్మానమైన మూడో రోజున వచ్చింది. ఆమె వండింది, పెద్ద గిన్నెడు. నేను వాకిట్లోనే, మెల్లగానే అనుకొంటాను, దీన్ని హాస్టలు పిల్లలకు పంపుదామన్నాను. పంపింది. పిల్లలు సంతోషంగా తిన్నారు. ఆమె మాత్రం ఆ రోజు నుండి స్త్రీల సమాజానికి రావడం లేదు. ఆదివారం వస్తుంది, వెనక కూర్చుని, ఆశీర్వాదం కాగానే వెళ్లిపోతుంది. నియమం మంచిదే. ఒక తల్లి కృతజ్ఞత దాని కింద పడి నలిగింది. మరోసారి, అడగకముందే మాట్లాడినది నేనే.

కార్యదర్శి గారు ఈ శ్రమకాలము కోసం నోటు పుస్తకం తెరవకముందే ఆమె ఇంటికి వెళ్లాలని ఉన్నది. ఈ గురువారం వెళ్తాను. టీ పెడితే తాగి వస్తాను.