ఒక గిటారు, అనుభవ హక్కు

గిటారు ఇంటికి వచ్చిన మూడో రోజు మా ఇంట్లో పనిచేసే ఆవిడ చీపురు గోడకి ఆనించి, దానివైపు కాసేపు చూసి, "ఎంతమ్మా ఇది?" అని అడిగింది.

"పదివేలు" అన్నాను.

దాని ఖరీదు లక్షా ఎనిమిది వేలు.

అబద్ధం ఆడినందుకు కాదు, అది నా నోట్లోంచి అంత తడుముకోకుండా వచ్చినందుకు తర్వాత చాలాసేపు ఇబ్బంది పడ్డాను. ఇరవై ఏళ్ళుగా స్త్రీల ఆస్తి హక్కుల మీద చదువుతూ, రాస్తూ, ఊళ్ళలో శిక్షణలు ఇస్తూ ఉన్నదాన్ని. నా సంపాదనతో నాకోసం చేయించుకున్న ఒక వస్తువు ధర పైకి చెప్పలేకపోయాను. ఆవిడకే కాదు, మా సంస్థలోని మిత్రులకు కూడా ఏదో మాట చెప్పి దాటేశాను. విషయం తెలిశాక ఒకావిడ "ఆ డబ్బుతో మన షార్ట్ స్టే హోంకి రెండు నెలల కిరాణా వచ్చేదే" అంది. నవ్వుతూనే అంది. అదే గదిలో ఉన్న మా మగ మిత్రుడు అంతకుముందు సంవత్సరం అంతకంటే ఖరీదైన కెమెరా కొన్నాడు. దాన్ని కిరాణా లెక్కలోకి మార్చాలని ఎవరికీ తోచలేదు. నేను అదే డబ్బుతో బంగారు గాజులు చేయించుకుని ఉంటే కూడా ఎవరికీ తోచేది కాదు. బంగారమైతే కుటుంబానికి అక్కరకొస్తుంది, తాకట్టు పెట్టుకోవచ్చు, కూతురికి పెట్టొచ్చు. స్త్రీ ఒంటిమీద ఉన్నా అది ఇంటి ఆస్తే. గిటారు అలాంటిది కాదు. నేను వాయించుకోవడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు. అందరికీ, నాకు కూడా, ఇబ్బంది అక్కడే వచ్చిందనుకుంటాను.

మా అమ్మ పుట్టింటి నుంచి ఒక వీణ తెచ్చుకుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసిన వీణ. ఒకే పనస దుంగలోంచి కుండా, దండీ కలిపి తొలిచేది. అతుకు ఉండదు. ఆరేళ్ళు నేర్చుకుందట. పెళ్ళిచూపుల్లో వాయించింది. పెళ్ళయ్యాక ఆ వీణ సారెతో పాటు వచ్చి, ముందుగదిలో గుడ్డ కప్పుకుని గోడకి ఆనుకుని ఉండేది. దసరాకి బొట్టు పెట్టేవాళ్ళం. అమ్మ వాయించగా నేను విన్నది రెండుసార్లో మూడుసార్లో. 1988లో మా చిన్నాన్న వ్యాపారానికి డబ్బు కావాల్సి వచ్చినప్పుడు దాన్ని అమ్మేశారు. అమ్మని అడిగారో లేదో నాకు తెలియదు. పెద్దయ్యాక నేను అడిగితే "వాయించేదాన్ని కాదు కదే, ఉండి ఏంచేస్తుంది?" అంది.

చట్టం దగ్గరికి వస్తే ఆ వీణ ముమ్మాటికీ ఆమెదే. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ స్థిరాస్తితో పాటు చరాస్తినీ, స్త్రీధనాన్నీ స్త్రీకి సంపూర్ణ ఆస్తిగా చెప్పింది. వీణ అమ్మడానికి మూడేళ్ళ ముందే, 1985లో, ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం భర్త, అత్తింటివాళ్ళ చేతుల్లో ఉన్నా అది ఆమె సొంతమేననీ, వాళ్ళు దాన్ని సొంతానికి వాడుకుంటే నేరమేననీ తేల్చింది. శిక్షణల్లో ఈ తీర్పు నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. కానీ అమ్మ అన్న మాటకి ఆ తీర్పులో జవాబు లేదు. వాయించడం ఎందుకు ఆగిపోయింది? ఎవరూ వద్దనలేదు. నలుగురు పిల్లలు, మంచంలో ఉన్న అత్తగారు, నీళ్ళు మోయడం, వచ్చేపోయే బంధువులు. ఎవరూ వద్దనాల్సిన అవసరమే రాలేదు.

మన దస్తావేజుల్లో ఒక పాత వాక్యం ఉంటుంది. ఫలానా ఆస్తిని దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా, సుఖంగా అనుభవించగలరు అని. పుత్రపౌత్రుల మాట అలా ఉంచండి, దాని మీద మనం ఇప్పటికే చాలా పోట్లాడాం. నన్ను ఆపింది "సుఖంగా అనుభవించగలరు" అన్నచోట. దస్తావేజు రాసే గుమాస్తాకి కూడా తెలుసు, స్వాధీనం ఒకటీ అనుభవం ఒకటీ అని. మనం స్వాధీనం కోసం ఉద్యమాలు చేశాం. అనుభవం అన్న మాట పలకడానికి మాత్రం సిగ్గుపడ్డాం. 1993లో మన దేశం ఆమోదించిన సీడా ఒప్పందంలో 13వ అధికరణం వినోదం, క్రీడలు, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు గురించి మాట్లాడుతుంది. ఆ ఒప్పందం మీద తరగతి చెప్పినప్పుడల్లా వివాహం గురించిన 16వ అధికరణం దగ్గర అరపూట గడిపి, 13వ దాన్ని చదివి పేజీ తిప్పేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇక గిటారు సంగతి. యూనివర్సిటీ హాస్టల్లో ఒక మిజో అమ్మాయి నాకు నాలుగు కార్డులు నేర్పింది. తర్వాత ఇరవై ఏళ్ళు ముట్టుకోలేదు. నలభై ఆరో ఏట కుడి భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, ఈ వయసు ఆడవాళ్ళలో ఎక్కువే అన్నారు. అది కొంచెం సడలుతున్న రోజుల్లో మళ్ళీ వాయించాలనిపించి సికింద్రాబాద్‌లో ఒక వాద్యాల షాపుకి వెళ్ళాను. అక్కడ ఇచ్చిన గిటారు మీదుగా చెయ్యి వెయ్యాలంటే భుజం చెవి దాకా లేస్తోంది. పెద్దగా ఉందంటే షాపతను లోపలికి వెళ్ళి పిల్లలు వాయించే గులాబీరంగు గిటారు తెచ్చి "లేడీస్‌కి ఇదండీ" అన్నాడు.

ఆ పెద్దదాని ఆకారానికి పేరు డ్రెడ్‌నాట్. ఇప్పుడు మామూలు గిటారు అంటే అందరికీ అదే. 1906లో బ్రిటిష్‌వాళ్ళు జలప్రవేశం చేయించిన యుద్ధనౌక పేరు అది. 1916లో అమెరికాలో మార్టిన్ కంపెనీ చేసిన భారీ గిటారుకి ఆ పేరు పెట్టారు. అంతకుముందు శతాబ్దంలో అమెరికా ఇళ్ళలో స్త్రీలు వాయించిన గిటార్లు చిన్నవి, నడుం సన్ననివి. ముందుగదిలో నుంచి వేదిక మీదకి వెళ్ళాక, పది వాద్యాల మధ్య వినబడాల్సి వచ్చాక, గిటారు పెరిగింది. అందులో కుట్ర ఏమీ లేదు. కానీ ఆ కొలత "మామూలు" కొలత అయిపోయి, అది పట్టని శరీరం చిన్నపిల్లల సైజుకి దిగిపోవడం మనకు కొత్త కథ కాదు. బస్సులో పట్టుకునే రాడ్ల నుంచి నాగలి దాకా ఇదే చూశాం.

బెంగుళూరులో చేత్తో గిటార్లు చేసే ఒకతని దగ్గరికి వెళ్ళాను. అతను ముందు టేపు తీశాడు. మోచేతి నుంచి మణికట్టుకి, బొటనవేలి నుంచి చిటికెనవేలికి, కూర్చుంటే తొడ నుంచి చంక దాకా. ఎక్కడ నొప్పి వస్తుందని అడిగాడు. జాకెట్టు కుట్టేవాళ్ళకి తప్ప నా ఒంటి కొలతలు నేను ఎవరికీ ఇచ్చింది లేదు. నాకు సుఖంగా ఉండాలని కొలతలు తీసుకోవడం అదే మొదటిసారి. తీగ పొడవు 24 అంగుళాలకి తగ్గించాడు, పెట్టె వెడల్పు పదమూడున్నర. ఇంకొకటి చేశాడు. పెట్టె లోతు అంతటా ఒకేలా కాకుండా, చెయ్యి ఆనే పైవైపు తగ్గించి, తొడ మీద ఆనే వైపు పెంచాడు. ఈ పద్ధతి లిండా మాంజర్ అనే కెనడా గిటార్ల తయారీదారుది. పాట్ మెథెనీ అనే సంగీతకారుడి కోసం 1984లో 42 తీగల పెద్ద వాద్యం చేస్తూ, అంత పెట్టె మీదుగా చెయ్యి ఎలా వెయ్యాలన్న సమస్యకి ఆమె కనిపెట్టిన ఉపాయం. ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. నా భుజం ఇప్పుడు లేవదు.

తొమ్మిది నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి వెళ్ళినప్పుడు పైపలక చేతికిచ్చాడు. స్ప్రూస్ చెక్క, మూడు మిల్లీమీటర్లు కూడా లేదు, అప్పడంలా ఉంది. చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టమన్నాడు. చివ్వి, కొట్టి, మళ్ళీ చివ్వుతాడు. ఆ పలక డెబ్భై కిలోల దాకా వచ్చే తీగల లాగుడుని మొయ్యాలి, అయినా వణకాలి. లావుంచితే బతుకుతుంది కానీ పలకదు. పక్కలకీ వెనక్కీ ఇరుగుడు చేవ వేశాడు, బజారులో రోజ్‌వుడ్ అంటారు. వాయిస్తుంటే ఆ వెనకపలక నా కడుపుకీ రొమ్ముకీ ఆని ఉంటుంది. కింది తీగ మీటితే ఆ వణుకు ముందు ఒంటికి తెలుస్తుంది, తర్వాత చెవికి. ఇది రాయడానికి కొంచెం మొహమాటంగానే ఉంది. స్త్రీ శరీరం గురించి మనం ఇంత రాశాం, నొప్పి గురించీ హింస గురించీ ప్రసవం గురించీ. హాయి గురించి రాయాల్సివస్తే నా దగ్గర మాటలు తక్కువ ఉన్నాయని ఈ గిటారు వచ్చాక తెలిసింది. ఎండాకాలం హైదరాబాదు గాలికి చెక్క పగలకుండా, చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలో తడిగుడ్డ పెట్టి కేసులో ఉంచుతున్నాను. పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటున్నావని మా అక్క అంది. ఆ పోలిక నాకు నచ్చలేదు. బిడ్డని చూసుకోవడం వేరు.

చేత్తో చేసిన వస్తువు అన్నాం కదా, ఎవరి చేతులు అని అడగడం మనకి అలవాటు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో గిబ్సన్ ఫ్యాక్టరీ మగవాళ్ళు సైన్యంలోకి పోతే స్త్రీలు గిటార్లు చేశారు. యుద్ధకాలంలో గిటార్ల తయారీ ఆపేశామనే కంపెనీ చెప్పుకుంటూ వచ్చింది. ఫ్యాక్టరీ ముందు తీసిన స్త్రీల ఫొటో ఒకటి పట్టుకుని జాన్ థామస్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు, అప్పటికి తొంభై ఏళ్ళ చేరువలో ఉన్న ఆ కార్మికుల్లో మిగిలినవాళ్ళని వెతికి పుస్తకం రాశాడు. ఆయన లెక్క ప్రకారం వాళ్ళు చేసినవి 25 వేల దాకా ఉన్నాయి. ఎక్స్‌రే తీయించి చూస్తే వాటి పని యుద్ధం ముందు, తర్వాత చేసినవాటికంటే సున్నితంగా ఉందంటాడు. ఇప్పుడు అవి సంగ్రాహకులు పోటీపడి కొనే గిటార్లు.

నా మిత్రురాలి కిరాణా ప్రశ్నకి మాత్రం ఇదేదీ జవాబు కాదు. ఆ ప్రశ్న వెనక ఉన్న అసలు ప్రశ్న: ఇది చదువుకున్న మధ్యతరగతి స్త్రీ సరదా కాదా అని. దానికి నాకు దొరికిన మనిషి ఎలిజబెత్ కాటెన్. అమెరికాలో నార్త్ కరోలినా నల్లజాతి అమ్మాయి. బడి మానేసి, నెలకి 75 సెంట్లకి ఇళ్ళలో పనిచేసి, కూడబెట్టి, 3 డాలర్ల 75 సెంట్లతో సొంత గిటారు కొనుక్కుంది. ఎడమచేతివాటం. కుడిచేతి గిటారునే తిరగేసి వాయించింది. చిన్న వయసులోనే పెళ్ళి. ఇలాంటి పాటలు దేవుడికి సరిపడవని చర్చివాళ్ళు అన్నాక వదిలేసింది. దశాబ్దాల తర్వాత, సీగర్ అనే సంగీతకారుల ఇంట్లో పనిమనిషిగా ఉన్నప్పుడు, గోడకి ఉన్న గిటారు తీసి మళ్ళీ మొదలుపెట్టింది. అరవై దాటాక రికార్డులు వచ్చాయి, తొంభై దాటాక గ్రామీ అవార్డు. ఈ కథని విజయగాథగా చెప్పుకుంటారు. నాకైతే మధ్యలో పోయిన ఆ దశాబ్దాల మీదే మనసు పోతుంది. సీగర్ల ఇల్లు కాక ఇంకో ఇల్లైతే, గోడ మీద గిటారు ముట్టుకుంటే ఏమనేవాళ్ళు?

ఆ ప్రశ్న నా ఇంటి మీదకే వచ్చింది. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు, పురుషులు 88. ఆ 289 నా మీద లేవు. సాయంత్రం గంటసేపు నేను వాయించుకోగలుగుతున్నానంటే, ఆ గంట ఎక్కడిదో చూడాలి.

నెల తర్వాత ఆవిడకి నిజం చెప్పాను. "లక్షా ఎనిమిది వేలు" అన్నాను. ఆవిడ చేతిలో గుడ్డ పిండి, ఆరేసి, వచ్చి, "మీ ఇంట్లో నా రెండేళ్ళ జీతం" అంది. కోపంగా అనలేదు. లెక్క చెప్పింది. నేను కట్టుకోని లెక్క. నెలకి 4,500. నెలకి రెండు సెలవులు. గృహ కార్మికుల కోసం 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం వారానికి కనీసం 24 గంటల వరస విశ్రాంతి ఉండాలంటుంది. మన దేశం దాన్ని ఆమోదించలేదని నేను ఎన్ని సభల్లో విమర్శించానో.

జీతం పెంచాను. ఆ పెంపుతో లెక్క రెండేళ్ళ నుంచి ఏడాదిన్నర అయింది, అంతే. ఆదివారాలు రావద్దన్నాను. గిటారు అమ్మలేదు, అమ్మాలని అనుకోవడం లేదు. తర్వాతెప్పుడో ఆవిడ "మా చర్చిలో గిటారు మగపిల్లలే వాయిస్తారమ్మా, మా అమ్మాయి పాడుతుంది. దానికి వాయించాలనే ఉంది" అంది. తీసుకురమ్మన్నాను. పదో తరగతి పిల్ల రెండు ఆదివారాలు వచ్చింది. మూడో ఆదివారం రాలేదు, పరీక్షలట. వేళ్ళు నొప్పి పుట్టవా అని అడిగింది నన్ను. మొదట్లో పుడతాయి, తర్వాత చర్మం గట్టిపడుతుంది అని చెప్పాను.

ఆదివారం గిన్నెలు ఇప్పుడు నేనే తోముతున్నాను. అరగంట నీళ్ళలో నానితే వేళ్ళ చివర కష్టపడి గట్టిపడిన చర్మం మెత్తబడిపోతుంది. సోమవారం తీగ నొక్కితే మళ్ళీ నొప్పి.