తీర్పులో వాటా సరే, పాసు పుస్తకంలో పేరేదీ?

పిత్రార్జిత ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంటుందని, 2005 సెప్టెంబరు 9న చట్ట సవరణ అమలులోకి వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతేమీ లేదని సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2020 ఆగస్టు 11న తేల్చి చెప్పింది. అంతకు ముందు అయిదేళ్లపాటు ఈ విషయంలో గందరగోళం నడిచింది. 2015లో ఇద్దరు న్యాయమూర్తులు తండ్రి బతికి ఉండి తీరాలన్నారు. 2018లో మరో ఇద్దరు, 2001లోనే చనిపోయిన తండ్రి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇచ్చారు. ఎవరికి ఏ తీర్పు అనువైతే వారు దాన్ని పట్టుకుని కింది కోర్టుల్లో వాదించుకున్నారు. 2020 తీర్పు ఆ చిక్కు విప్పింది. దానిని మేము మనసారా ఆహ్వానిస్తున్నాం.

అయితే తెలుగు రైతాంగానికి ఈ హక్కు నిన్న మొన్న పుట్టినది కాదు. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేటట్లు ఆనాటి ఎన్.టి.రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆడపిల్లను దాయాదిగా చేసింది. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లను బయట పెట్టింది. అంటే ఆ నాటికి అత్తవారింట కాపురం చేసుకుంటున్న ఆడవాళ్లంతా ఒక్క గీతతో పోయారు. 2005 కేంద్ర సవరణ ఆ గీత చెరిపింది. కాగితం మీద ఇది జరిగి ఇరవై ఏళ్లు దాటింది. మరి ఊళ్లో ఏం జరుగుతోంది?

2015-16 వ్యవసాయ గణాంకాల ప్రకారం దేశంలో నూరు కమతాలుంటే ఆడవాళ్ల పేరున ఉన్నవి దాదాపు 14. నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎవరో మనకందరికీ తెలుసు.

కోర్టుకు వెళితే న్యాయం దొరకదా అంటే, దొరుకుతుంది, బతికి ఉంటే. ఆంధ్ర నుంచే వెళ్లిన ఒక అప్పీలు చూడండి. పంపకాల దావాలో 1999లో ప్రిలిమినరీ డిక్రీ వచ్చింది, 2003లో దాన్ని సవరించారు. ఫైనల్ డిక్రీ రాకముందే 2005 చట్టం వచ్చింది గనుక మాకూ వాటా కావాలని కూతుళ్లు అడిగారు. 2009 జూన్‌లో కింది కోర్టు సరేనంది, ఆగస్టులో హైకోర్టు కాదంది. 2011 అక్టోబరు 12న సుప్రీంకోర్టు మళ్లీ సరేనంది. ఫైనల్ డిక్రీ కానంత వరకు పంపకం పూర్తయినట్లు కాదని సూత్రం చెప్పింది. మంచి సూత్రమే. మొదటి డిక్రీ నుంచి అక్కడికి పన్నెండేళ్లు. ఆ తర్వాత ఇంకా ఫైనల్ డిక్రీ, కమిషనరు కొలతలు, అమలు పిటీషను! పెండింగు దావాలను వీలైనంతవరకు ఆరు నెలల్లో ముగించాలని 2020 తీర్పు చివర రాశారు. ఆ వాక్యం ఎన్ని కోర్టు హాళ్లలో పనిచేసిందో వాయిదాల చుట్టూ తిరిగే వాళ్లను అడగాలి.

ఇంకో సంగతి. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను చట్టం ముట్టుకోదు. ఆ పంపకం రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగి ఉండాలి. "ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం" అంటే సాధారణంగా చెల్లదని 2020 తీర్పు స్పష్టంగానే చెప్పింది. కాని ఒక సందు వదిలింది: ప్రభుత్వ పత్రాల బలం ఉన్న అరుదైన సందర్భాల్లో నోటి పంపకాన్నీ ఒప్పుకోవచ్చునట. ఊళ్లో అన్నదమ్ములు చూపగల ప్రభుత్వ పత్రాలేమిటి? పహాణీ, అడంగలు, పాసు పుస్తకం. వాటిలో చెల్లెలి పేరు ఏనాడైనా రాశారా? కరణాలు 1984లో పోయారు గాని కరణీకం పోలేదు. పేరు రాయకపోవడం ఒక తప్పయితే, పేరు లేకపోవడమే రేపు ఆమె మీదికి సాక్ష్యంగా రావడం రెండో తప్పు. అసలు పోరాటం కోర్టులో కాదు, తహసీలు కచేరీలో ఉందని మేము అనేది ఇందుకే.

రికార్డు సంగతి అలా ఉంచితే, సంతకాల సంగతి ఉంది. తండ్రి దినాలు కాగానే, "అమ్మాయీ, నీకు పెళ్లిలో పెట్టాం గదా, ఇక్కడో సంతకం పెట్టు" అంటారు. హక్కు విడుదల పత్రం అది. పెట్టకపోతే పుట్టిల్లు మూతపడుతుంది, పండక్కి పిలుపుండదు. 1961 నుంచీ నేరమైన కట్నం అల్లుడి చేతికి పోయింది, ఆడపిల్ల వాటా కింద లెక్కలోకి మాత్రం వచ్చింది! ఇవేవీ లేకపోయినా వీలునామా ఉండనే ఉంది. తన వాటాను కొడుక్కే రాసే స్వేచ్ఛ 30వ సెక్షను తండ్రికి ఉంచింది. పై తీర్పులేవీ దాని జోలికి పోలేదు.

ఆడపిల్లలకు కూడా పంచితే రెండెకరాలు ముక్కలు చెక్కలైపోవా అని మన రైతు సోదరులే కొందరు అడుగుతున్నారు. నలుగురు కొడుకులు పంచుకున్నప్పుడు ఈ ప్రశ్న ఎందుకు రాదు? కమతం చిన్నదైపోవడానికి కారణం ఆడపిల్ల కాదు, మిగులు భూమి పంచకపోవడం. 1973 భూసంస్కరణల చట్టానికి తర్వాత చేర్చిన 4-ఎ సెక్షను గుర్తు చేసుకోండి. మేజరైన కొడుకు ఒక్కొక్కరికి పరిమితి పెంచుకోవచ్చునన్నారు. మేజరైన కూతురు లెక్కలోకే రాలేదు. భూస్వామి భూమి దాచుకోవడానికి పనికివచ్చింది కొడుకులే మరి. ఇక సెంటు భూమి లేని దళిత కూలి ఇంటి ఆడపిల్లకు ఈ తీర్పులతో ఒరిగేది ఏమీ లేదు. వాటా అడగాలంటే ముందు భూమి ఉండాలి గదా.

గిరిజన స్త్రీల పరిస్థితి వేరు. వారసత్వ చట్టం వారికి వర్తించదని 2(2) సెక్షను చెబుతుంది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ లోటు గురించి ఆలోచించమని కేంద్రాన్ని కోరింది. 2025 జూలై 17న ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం అప్పీలులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం రుజువు కానప్పుడు సమానత్వమే ప్రమాణమని వాటా ఇప్పించింది. మంచి తీర్పు. అదే ఏడాది అక్టోబరులో మాత్రం, హిమాచల్ గిరిజన కూతుళ్లకు హిందూ చట్టం కింద వారసత్వం వర్తిస్తుందన్న అక్కడి హైకోర్టు ఆదేశాన్ని కొట్టివేసింది. చట్టం మార్చవలసింది పార్లమెంటు గనుక కోర్టు అంతకన్నా చేయలేదనుకోవచ్చు. పార్లమెంటు ఇప్పటికీ కదలలేదు. భూములు మైదానం వాళ్ల పాలవుతాయనే భయం చూపుతారు. మన ఏజెన్సీల్లో 1970 నాటి 1వ రెగ్యులేషను దానికోసమే ఉంది. దాన్ని సరిగా అమలు జరపండి చాలు.

తెలంగాణలో 2020 నాటి చట్టం స్థానంలో 2025లో భూభారతి చట్టం వచ్చింది. విరాసత్ మార్చే ముందు వారసులకు నోటీసులిచ్చి విచారించాలని అందులో ఉంది. ఆ నోటీసు ఊరి చావడి గోడకు అంటిస్తే అన్నదమ్ములు చదువుతారు, అత్తవారి ఊళ్లో ఉన్న ఆడపిల్ల చదవదు. ఆమె ఉంటున్న చిరునామాకు నోటీసు వెళ్లాలి. విడుదల పత్రం మీద సంతకం ఆమెతో విడిగా మాట్లాడిన తర్వాతే తీసుకోవాలి. తండ్రి పోయిన ప్రతి ఖాతాలో భార్య పేరూ, కూతుళ్ల పేర్లూ వాళ్లు అడగకుండానే ఎక్కాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ దీనికి ఒక్క ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. రైతు సంఘాలు ఈసారి తహసీల్దారుకు ఇచ్చే అర్జీలో ఎరువుల కొరత పక్కనే దీన్నీ రాయాలని మేము కోరుతున్నాం.