దొంగలోని ధైర్యం సద్గుణమా?

1930లో ఆర్థిక మాంద్యం అమెరికాను పీడిస్తున్న వేళ, షికాగో నగరంలో అల్ కపోన్ ఉచిత భోజనశాల తెరిచాడు. నిరుద్యోగులు బారులు తీరి సూపు, రొట్టె స్వీకరించారు. నిషిద్ధ మద్యవ్యాపారంతో, హింసాబలంతో ఆర్జించిన ధనమది. ఆ దాతృత్వం సద్గుణమేనా? క్రైస్తవ వేదాంతులు ఈ సంశయాన్ని ఏనాడో విచారించారు.

అగస్టీన్ కఠినుడు. ఈశ్వరోన్ముఖం కాని గుణం పైకెంత శోభించినా దోషమేనని ఆయన నిర్ణయం. 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్ సూక్ష్మదర్శి. చౌర్యోపాయాలు చక్కగా ఎరిగినవాణ్ణి లోకం ‘మంచి దొంగ’ అంటుంది. లక్ష్యమే దుష్టం గనుక ఆ నేర్పు వివేకాభాస మాత్రమే అంటాడాయన. దొంగ ధైర్యానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. అయితే మానవప్రకృతిలోని మంచిని పాపం సమూలంగా నశింపజేయలేదని కూడా ఆయనే అంగీకరించాడు. అందుచేత పాపి చేసిన సత్కార్యం సత్కార్యమే. అంతమాత్రాన అతడు సద్గుణవంతుడు కాడు. ఆకలిగొన్నవాడికి అందిన రొట్టె రొట్టే కదా!

ఈ విభాగం సమంజసమే. కానీ లూకా సువార్త 23వ అధ్యాయంలో, శిలువపై వేలాడిన దొంగ ఇంతకన్నా ఎక్కువ ఆలోచింపజేస్తాడు. అతడు ఎవరికీ ఏమీ పెట్టగల స్థితిలో లేడు. తన శిక్ష న్యాయమేనన్నాడు, పక్కనున్న యేసు నిర్దోషి అన్నాడు, తనను జ్ఞాపకం ఉంచుకొమ్మని వేడుకున్నాడు. అదే రోజు పరదైసు వాగ్దానం పొందాడు. భగవద్గీత 9వ అధ్యాయం 30వ శ్లోకం చదివినవారికి ఇది వింతగా తోచదు.

కపోన్ మాత్రం తాను జనం కోరినది సరఫరా చేసే వ్యాపారినేనని చెప్పుకొనేవాడు.