రిపోర్టు చేతికొచ్చింది... ఆ మాటకు అర్థమేంటి?

స్కానింగ్ సెంటర్ నుంచి కవరు తెచ్చుకుంటాం. డాక్టరుగారు సాయంత్రం ఆరింటికి గానీ రారు. అప్పటిదాకా ఆగగలమా? కవరు విప్పి, ఇంట్లో ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లతో చదివిస్తాం. అట్రోఫీ, డిస్‌ప్లేసియా, ఇన్‌ఫార్‌క్ట్, క్యారియర్... ఒక్కో మాటా ఒక్కో పిడుగులా పడుతుంది. ఫోనులో వెతికితే ఉన్న భయం కాస్తా రెట్టింపవుతుంది!

నిజానికి ఈ పదాల్లో చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కలు అతికించి కట్టినవే. ముక్కలు తెలిస్తే సగం గుట్టు విడిపోయినట్టే. వీటిలో కొన్నింటిని తప్పుగా అర్థం చేసుకుంటే వైద్యం ఆలస్యమవుతుంది. ఇంకొన్నింటి వల్ల పెళ్లి సంబంధాలు తప్పిపోతాయి, కాపురాల్లో నిప్పు రాజుకుంటుంది. అందుకే ఈ వారం ఆ మాటల సంగతి చూద్దాం.

కణం తీరు మారితే...

'ట్రోఫీ' అంటే పోషణ. ముందు 'అ' చేరితే అది లేకపోవడం... మన అశాంతి, అన్యాయం లాగే. కణాలు చిక్కిపోయి ఆ భాగం కుంచించుకుపోవడమే అట్రోఫీ. ఆరు వారాలు పిండికట్టులో ఉన్న కాలు సన్నబడుతుందే, అదీ అట్రోఫీయే. వయసుతోపాటు మెదడూ కొంత కుంచించుకుంటుంది. కాబట్టి డెబ్భై ఏళ్ల తాతగారి రిపోర్టులో 'వయసు వల్ల వచ్చిన అట్రోఫీ' అని ఉంటే, ఆ ఒక్కమాట చూసి మతిమరుపు జబ్బని తేల్చేయకూడదు. మనిషి తీరు, జ్ఞాపకశక్తి, స్కాను... మూడూ కలిపి చూసి డాక్టరే చెప్పాలి.

హైపర్‌ట్రోఫీ దీనికి ఎదురు. కణాల సైజు పెరుగుతుంది. వ్యాయామం చేసేవాళ్ల కండలు పెరిగేది ఇలాగే. ఏళ్ల తరబడి బీపీ అదుపులో లేకపోతే గుండె కండరమూ ఇలాగే దళసరి అవుతుంది. అది మాత్రం మంచిది కాదు. సైజు కాకుండా కణాల సంఖ్య పెరిగితే హైపర్‌ప్లేసియా. పెద్ద వయసు మగవాళ్లలో ప్రోస్టేట్ గ్రంథి వాపునకు రాసే మాట ఇదే. ఇది క్యాన్సర్ కాదు.

అసలు కంగారంతా డిస్‌ప్లేసియా దగ్గరే. కణాల రూపం, వరస గాడి తప్పాయని దీనర్థం. గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్ స్మియర్ పరీక్షలో తరచూ కనిపిస్తుంది. ఇది క్యాన్సర్ కాదు. స్వల్పంగా ఉన్నది చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది కూడా. అలాగని రిపోర్టును బీరువాలో పడేస్తే కుదరదు. తీవ్రంగా ఉన్నది వదిలేస్తే కొన్నేళ్లకు క్యాన్సర్‌గా మారొచ్చు. ఇది 'ఇప్పుడే చూసుకోండి' అని ముందే వచ్చిన ఉత్తరం లాంటిది!

నియోప్లేసియా అంటే కొత్తగా, అదుపు లేకుండా పెరిగిన కణాలు. పక్కన 'బినైన్' అని ఉంటే వేరేచోటికి పాకని గడ్డ. 'మాలిగ్నెంట్' అని ఉంటేనే క్యాన్సర్.

కణాల చావులోనూ రెండు రకాలున్నాయి. దెబ్బ తగిలో, రక్తం అందకో చచ్చిపోతే నెక్రోసిస్. సమయం వచ్చినప్పుడు కణం తనంతట తాను పద్ధతిగా తప్పుకుంటే అపోప్టోసిస్. రాలే ఆకులను గుర్తుచేసే గ్రీకు మాట ఇది. 1972లో ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ పేరు పెట్టారు. అమ్మ కడుపులో బిడ్డ వేళ్లు విడివిడిగా రూపుకట్టేది, వాటి మధ్యనున్న కణాలు ఇలా తప్పుకోబట్టే. తప్పుకోవాల్సిన కణాలు మొరాయిస్తేనే చిక్కు. క్యాన్సర్ కణాలు చేసే పని అదే.

పుట్టుకతో వచ్చిందా... వంశంలో ఉందా?

మూడు మాటల్ని మనం ఒకే గాటన కట్టేస్తాం. పుట్టుకతో కనిపించేది 'కంజెనిటల్'. జన్యువులో తేడా వల్ల వచ్చేది 'జెనెటిక్'. తల్లిదండ్రుల నుంచి సంక్రమించేది 'హెరిడిటరీ'. మూడూ వేరు. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ వినికిడి లోపంతో పుట్టొచ్చు. అది పుట్టుకతో వచ్చిందే కానీ జన్యులోపం కాదు. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుంది. ఇది జన్యుపరమైనదే, కానీ చాలామందిలో వంశం నుంచి వచ్చింది కాదు. హంటింగ్టన్ వ్యాధి వంశపారంపర్యమే. అయినా సాధారణంగా ముప్ఫై, నలభై ఏళ్లు దాటాకే బయటపడుతుంది.

ఇక, ఇళ్లల్లో చిచ్చు పెట్టే మాట 'క్యారియర్'. సికిల్‌సెల్ వ్యాధినే తీసుకుందాం. హిమోగ్లోబిన్ తయారీకి సూచనలిచ్చే జన్యువులో ఒకే ఒక్క అక్షరం తప్పుపడుతుంది. అంతే! గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగి గట్టిపడి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. విపరీతమైన నొప్పులు వస్తాయి. మామూలు ఎర్రకణం దాదాపు 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజులే. మన రెండు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఈ వ్యాధి ఉంది. 2047 నాటికి దీన్ని నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ ప్రారంభించింది.

జన్యువులు జతలుగా ఉంటాయి. జతలో ఒకటే తప్పుగా ఉంటే క్యారియర్. అంటే రోగి కాదు, మామూలుగానే జీవిస్తారు. బిడ్డకు జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి... రెండూ తప్పువే రావాలి. అందుకే 'కోడలి వైపు నుంచే వచ్చింది' అని ఆడిపోసుకోవడం అన్యాయం. ఇద్దరి వాటా సమానం!

ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ప్రతి కాన్పులోనూ అన్న మాట ముఖ్యం. 'మొదటిబిడ్డకు వచ్చేసిందిగా, ఇక మిగతా ముగ్గురికీ రాదు' అనుకుంటే పొరపాటే. ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.

మరి క్యారియర్ అని తేలిన అమ్మాయికి పెళ్లి కాదా? నిక్షేపంలా అవుతుంది. భర్తకు సికిల్‌సెల్, తలసీమియాల్లాంటి హిమోగ్లోబిన్ లోపాలేవీ లేకపోతే పిల్లలకు ఈ జబ్బు రాదు. ఆ సంగతి రక్తపరీక్షతో తెలుస్తుంది. మేనరికాల్లో మాత్రం ఇంకాస్త జాగ్రత్త అవసరం. మేనమామ, మేనకోడళ్లకు సగటున నాలుగో వంతు, మేనబావ, మరదళ్లకు ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. ఒకే తప్పు ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువన్నమాట.

మెదడుకు నీరందకపోతే...

ఇస్కీమియా, ఇన్‌ఫార్‌క్ట్... ఈ రెండూ పొలం చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతాయి. కాలవలో నీళ్లు తగ్గి పైరు వాడితే ఇస్కీమియా. పూర్తిగా ఎండిపోతే ఇన్‌ఫార్‌క్ట్. వాడిన పైరుకు వెంటనే నీళ్లు పెడితే తేరుకుంటుంది. ఎండిపోయాక ఎన్ని పెట్టినా దండగే. మెదడు బరువు శరీరంలో రెండు శాతమే అయినా, వాడుకునే ఆక్సిజన్ ఇరవై శాతం! పెద్ద రక్తనాళం మూసుకుపోయిన పక్షవాతంలో సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని అంచనా. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా పసరు మందుల కోసం తిరగొద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. రక్తనాళం చిట్లడం వల్ల కూడా పక్షవాతం వస్తుంది కాబట్టి ముందు స్కాన్ తప్పనిసరి.

ఆ లక్షణాలు వచ్చి కాసేపట్లో పోతే 'టీఐఏ'. తగ్గిపోయిందని ఊరుకోకూడదు. అది పెద్దదానికి హెచ్చరిక.

'ప్లీజియా' అంటే పూర్తిగా పడిపోవడం, 'పెరిసిస్' అంటే బలహీనపడటం. ముందు 'హెమి' ఉంటే ఒక పక్క, 'పారా' ఉంటే రెండు కాళ్లు. 'అఫేసియా' అంటే భాష పోవడం. మనసులో మాట ఉంటుంది, నోటికి రాదు. కొందరికి ఎదుటివాళ్ల మాటే అర్థం కాదు. అంతమాత్రాన మతి పోయిందనుకోవద్దు.

'సీజర్' అంటే ఒకసారి వచ్చిన ఫిట్. మళ్లీ మళ్లీ వచ్చే తత్వం ఉంటే 'ఎపిలెప్సీ'. జ్వరంలో పసివాడికి ఒకసారి ఫిట్ వచ్చినంత మాత్రాన మూర్ఛరోగి అని ముద్ర వేయకూడదు. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అన్నట్టు... 'ఇడియోపథిక్' అనే మాట కనిపిస్తే హడలిపోకండి. కారణం ఇంకా తెలియలేదని చెప్పడానికి వైద్యులు వాడే మర్యాదైన మాట అది!

డాక్టరును ఇవి అడగండి

* ఇది జబ్బు పేరా, లేక స్కానులో కనిపించిన మార్పు మాత్రమేనా?

* వయసు వల్ల వచ్చిందా, చికిత్స అవసరమా?

* వంశపారంపర్యమైతే ఇంట్లో ఇంకెవరికి పరీక్ష చేయించాలి?

* మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి?

ఈ నాలుగూ ఓ కాగితంమీద రాసుకుని వెళ్లండి. గదిలోకి అడుగుపెట్టగానే అన్నీ మర్చిపోవడం అందరికీ మామూలే!