ఉపాధ్యాయులకును పరీక్షయా?

"అయ్యా, మీకు కూడ పరీక్షలు పెట్టుదురా?" అని యేడవ తరగతి బాలుడొకడు మమ్ము నడిగెను. తరగతి యంతయు నవ్వెను, మేమును నవ్వితిమి. కాని యది నవ్వి విడువదగిన ప్రశ్న కాదు.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ననుసరించి వెలువడిన 2010 ఆగస్టు 23వ తేదీ ప్రకటన, ఎనిమిదవ తరగతి వరకు బోధించువారికి ఉపాధ్యాయ అర్హత పరీక్షను నిర్ణయించెను. అంతకు పూర్వము కొలువునందు చేరినవారు తమ కది వర్తింపదని తలంచుచుండిరి. 2025 సెప్టెంబరు 1వ తేదీన సుప్రీంకోర్టువారు, ఐదేండ్లకు మించి సర్వీసు మిగిలినవారు రెండేండ్లలో నా పరీక్షయందు ఉత్తీర్ణులు కావలెననియు, కానిచో కొలువు విడువవలసి వచ్చుననియు తీర్పు చెప్పిరి. మతభాషాల్పసంఖ్యాకుల పాఠశాలల సంగతిని మాత్రము పెద్ద ధర్మాసనమునకు వదలిరి.

"మనది మిషను పాఠశాల గదా, మనకేల భయము?" అని కొందరందురు. ఆ మాటున దాగుట మాకు తగదు. ఏటేట పిల్లలను పరీక్షించు మేము పరీక్షకు వెనుదీయుట యెట్లు? క్రొత్తగా చేరువారికి పరీక్ష యుండుట మంచిదేయని మా యభిప్రాయము.

కాని నాటి నిబంధనల ప్రకారము శిక్షణ పొంది, ఇరువదియేండ్లు బోధించినవాని బ్రతుకుదెరువును నూటయేబది ప్రశ్నల కాగితమునకు ముడిపెట్టుట న్యాయమని మాకు తోపదు. ప్రతి బాలుని గ్రహణశక్తిని కనిపెట్టి, వెనుకబడినవానికి వేరుగ చెప్పుట, తల్లిదండ్రులతో మాటలాడుట ఉపాధ్యాయుని విధులని యా చట్టముయొక్క 24వ సెక్షనే చెప్పుచున్నది. నాలుగు జవాబులలో నొకదానిని గుర్తించు పరీక్ష వీనిని కొలువజాలదు. వీనిని చూడదలచినవారు తరగతిలోనికి వచ్చి కూర్చుండవలెను.

మరియొక సంగతి. 2019లో సవరింపబడిన యా చట్టమే, ఐదు, ఎనిమిది తరగతుల పరీక్షలలో తప్పిన బాలునికి అదనముగ బోధించి, రెండు నెలలలో మరల పరీక్షింపవలెననియు, ప్రాథమిక విద్య ముగియువరకు బడినుండి వెడలగొట్టరాదనియు విధించినది. బాలునిపట్ల చూపిన యీ నీతి వానికి చదువు చెప్పువానికి చెల్లదా? గడువు నిచ్చిన చాలదు. సెలవులలో శిక్షణ నీయవలెను, తరగతిలో పాఠము చెప్పు తీరును పరిశీలింపవలెను, తప్పినవానికి మరల నేర్పవలెను.

ఆ బాలునికి మా ప్రత్యుత్తరమిది: ఔను నాయనా, మాకును పరీక్షయే. రాత్రి నీవు దీపము ముందు కూర్చుండు వేళ మాలో ననేకులు పుస్తకము తెరచియే యున్నారు. మరునాటి పాఠమును మాత్రము మానము.