వీసా ఫారం కన్సల్టెన్సీ నింపినా, సంతకం మన పిల్లలదే

బీటెక్ ఆఖరి ఏడాది పరీక్షలు అయిపోతున్నాయంటే చాలు, మన ఇళ్లలో ఒకటే చర్చ. ‘ఎమ్మెస్‌కి పంపాలా, వద్దా? పంపితే ఎంతవుతుంది?’ ఆ తర్వాత తండ్రీకొడుకులు అమీర్‌పేటలోనో, మెహిదీపట్నంలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏదో ఒక కన్సల్టెన్సీ మెట్లెక్కుతారు. అక్కడ వినిపించే మాట కూడా దాదాపు ఒకటే. ‘భాయ్, మీరు ఫికర్ చేయకండి. ఫారం మేం నింపుతాం, బ్యాలెన్స్ మేం చూపిస్తాం. మీవాడు ఇంటర్వ్యూకి వెళ్లొస్తే చాలు.’

వినడానికి బాగుంటుంది. కానీ అమెరికా వీసా విషయంలో ఈ మాటను నమ్మి ముందుకెళ్తే చెల్లించాల్సిన ధర ఇప్పుడు చాలా పెరిగిపోయింది. ఆ ధర కట్టేది కన్సల్టెన్సీ కాదు, మన పిల్లలే.

2025లో ఏం మారింది?

2025 మే చివరి వారంలో అమెరికా విదేశాంగ శాఖ విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపేసింది. జూన్ 18న మళ్లీ మొదలుపెట్టింది గానీ ఒక కొత్త షరతు పెట్టింది. దరఖాస్తు చేసుకునేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలన్నింటినీ ‘పబ్లిక్’లో పెట్టాలి. గత అయిదేళ్లలో వాడిన ఖాతాల పేర్లు డీఎస్-160 ఫారంలో రాయాలన్న నిబంధన 2019 నుంచే ఉంది. ఇప్పుడు అవి తెరిచి చూస్తారన్నమాట.

అంతకు ముందే, మార్చిలో, భారత్‌లోని అమెరికా ఎంబసీ ‘బాట్’లతో బుక్ చేసిన దాదాపు 2,000 అపాయింట్‌మెంట్లు రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. ‘స్లాట్ మేం పట్టిస్తాం, పది వేలు ఇవ్వండి’ అనే ఏజెంట్లను నమ్ముకుంటే ఏమవుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

వీసా రావడం కూడా అంత తేలిక కాదు. 2023-24 అమెరికా ఆర్థిక సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా ఎఫ్-1 వీసాకు వచ్చిన దాదాపు 6.79 లక్షల దరఖాస్తుల్లో 2.79 లక్షలు తిరస్కరించారు. అంటే 41 శాతం. సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. మన డబ్బుల్లో 45 వేల పైమాటే. రిజెక్ట్ అయితే ఈ డబ్బు తిరిగి రాదు. 2025 జూలైలో చేసిన చట్టంలో మరో 250 డాలర్ల ‘వీసా ఇంటిగ్రిటీ ఫీజు’ కూడా పెట్టారు. అందుకే దరఖాస్తు చేసే రోజున ఎంత కట్టాలో అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి.

రిజెక్ట్ వేరు, అబద్ధం వేరు

మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ నుంచి తెల్ల కాగితం పట్టుకుని బయటికొచ్చే పిల్లల్లో ఎక్కువమందికి 214(బి) సెక్షన్ కింద వీసా నిరాకరిస్తారు. ‘చదువు అయ్యాక తిరిగి వెళ్తావని, చదువు కోసమే వస్తున్నావని మాకు నమ్మకం కలగలేదు’ అని దాని అర్థం. దీనిపై అప్పీలు లేదు. కానీ మళ్లీ ఫీజు కట్టి, పరిస్థితి మెరుగుపరచుకుని, మళ్లీ వెళ్లొచ్చు. తలుపు మూసుకుపోదు.

దొంగ కాగితం పెట్టినట్టు, అబద్ధం చెప్పినట్టు తేలితే కథ వేరు. అప్పుడు పడేది 212(ఎ)(6)(సి) సెక్షన్. అది ఒక ఏడాదికో రెండేళ్లకో పోయేది కాదు, జీవితాంతం ఉంటుంది. మినహాయింపు కోరే దారి ఉన్నా దానికి హామీ ఏమీ లేదు. 22 ఏళ్ల వయసులో పడిన ఆ మచ్చ 40 ఏళ్లకు ఆఫీసు పని మీద వెళ్లాలన్నా అడ్డం వస్తుంది.

ఈ అబద్ధం ఎక్కడ మొదలవుతుందో తెలుసా? డీఎస్-160 ఫారం చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది: ఈ ఫారం నింపడంలో మీకు ఎవరైనా సాయం చేశారా? కన్సల్టెన్సీ నింపితే ‘అవును’ అని రాసి, వాళ్ల పేరు ఇవ్వాలి. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఫారం నింపిన మనిషే అక్కడ ‘లేదు’ అని కొట్టేస్తే? మొదటి అబద్ధం అక్కడే పడిపోయింది. ఎవరు టైప్ చేసినా ఆఖర్న సంతకం చేసి సబ్మిట్ నొక్కాల్సింది మాత్రం విద్యార్థే. ‘నాకు తెలియదు సార్, వాళ్లు రాశారు’ అంటే అక్కడ చెల్లదు.

అద్దె బ్యాలెన్స్ బండారం

ఇక డబ్బు చూపించడం. కొన్ని వారాల కోసం ఎవరిదో డబ్బు తండ్రి ఖాతాలో వేయించి, దానికి కమీషన్ తీసుకోవడం ఒక వ్యాపారంగా మారింది. చిన్న దుకాణం ఆదాయాన్ని పెంచి సర్టిఫికెట్లు రాయించడం మరొకటి. కౌంటర్ దగ్గర ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాలే ఉంటుంది. ‘మీ నాన్న ఏం చేస్తారు? ఏడాదికి ఎంత వస్తుంది? మరి ఇంత డబ్బు ఎలా కూడబెట్టారు?’ ఈ మూడు ప్రశ్నలకే అద్దె బ్యాలెన్స్ బండారం బయటపడుతుంది. ఎందుకంటే ఆ లెక్క పిల్లాడికి తెలియదు. తెలిసినా చెప్పలేడు.

ఉన్నది ఉన్నట్టు చూపించడమే మేలు. ఆరు లక్షలు పొదుపు, మిగతాది బ్యాంకు మంజూరు చేసిన విద్యా రుణం, ఇంకొంత మామయ్య స్పాన్సర్‌షిప్ అని కాగితాలతో సహా చెప్పగలిగితే అది అరవై లక్షల అద్దె బ్యాలెన్స్ కన్నా బలమైనది. మన కుటుంబాల్లో వడ్డీ రుణం వద్దనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లు ట్యూషన్ ఫీజు తగ్గించే యూనివర్సిటీలు, అసిస్టెంట్‌షిప్‌లు, జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల వంటి దారులు ముందే వెతుక్కోవాలి. జర్మనీలో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేదు గానీ, బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఇదీ చిన్న మొత్తమేం కాదు.

తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం ఉంది. ఎంపికైతే 20 లక్షల వరకు సాయం అందుతుంది. అయితే ఒక మెలిక గమనించాలి. మొదటి వాయిదా వచ్చేది విద్యార్థి అక్కడ దిగి, ఐ-94 వంటి కాగితం పంపిన తర్వాతే. రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత. అంటే వీసా కోసం, విమానం ఎక్కడం కోసం, మొదటి ఫీజు కోసం డబ్బు ముందుగా ఇంటి నుంచే రావాలి. ఈ ఖాళీలోకే అద్దె బ్యాలెన్స్ ఏజెంట్ దూరిపోతున్నాడు. ఎంపికైన పిల్లలకు వీసా సమయంలోనే బ్యాంకుకు చూపించుకోగలిగే మంజూరు పత్రం, కొంత ముందస్తు సొమ్ము ఇస్తే ఆ ఏజెంట్‌తో పని ఉండదు. ప్రభుత్వం ఆలోచించాల్సిన విషయం ఇది.

పాత గాయాలు మరిచిపోయామా?

2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై దాడులు జరిగాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే అక్కడ ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019 జనవరిలో మిషిగాన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అమెరికా అధికారులే పెట్టిన వల. అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులే. ప్రభుత్వం గుర్తించిన కాలేజీల జాబితాలో దాని పేరు కూడా ఉండేది. కాబట్టి జాబితాలో పేరు ఉందా అని చూస్తే సరిపోదు. తరగతులు నిజంగా జరుగుతున్నాయా, అక్కడ చదివినవాళ్లు ఏమంటున్నారు అని కూడా అడగాలి.

వీసా చేతికొచ్చాక కూడా పని అయిపోదు. 2023 ఆగస్టులో అట్లాంటా, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుంచి 21 మంది భారతీయ విద్యార్థులను వెనక్కి పంపేశారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వీసా అంటే తలుపు దాకా టికెట్ మాత్రమే. లోపలికి రానిచ్చేది విమానాశ్రయంలోని అధికారి.

ఏజెంట్‌కు లైసెన్స్ ఎవరిస్తున్నారు?

ఉద్యోగం కోసం గల్ఫ్‌కు పంపే ఏజెంట్ 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేసుకోవాలి. చదువు కోసం పంపే కన్సల్టెన్సీ ఆ చట్టం కిందికి రాదు. పంజాబ్ 2012లోనే ప్రత్యేక చట్టం తెచ్చి, ఇలాంటి కన్సల్టెన్సీలకు లైసెన్స్ తప్పనిసరి చేసింది. ఇంతమంది పిల్లలను పంపుతున్న మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ దారిలో ఎందుకు ఆలోచించకూడదు? ఫీజు ఎంత, యూనివర్సిటీ నుంచి కమీషన్ ఎంత వస్తుంది అన్నది రాతపూర్వకంగా చెప్పాలన్న ఒక్క నిబంధన పెట్టినా సగం మోసాలు తగ్గుతాయి.

అప్పటిదాకా జాగ్రత్త మనదే. డీఎస్-160ను పిల్లలే నింపాలి, లేదా సబ్మిట్ చేసే ముందు ప్రతి పేజీ చదవాలి. పాత పోస్టులు చెరిపేయాలని, ఖాతాలు దాచాలని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. ఖాతా పేరు దాచడం కూడా అబద్ధమే. వీసాకు కోర్సు మొదలయ్యే తేదీకి ఏడాది ముందు నుంచే అవకాశం ఉంది కాబట్టి ఆఖరి నెల దాకా ఆగొద్దు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ‘మీవాడికి గ్యారంటీ వీసా’ అనే బోర్డు కనబడితే మెట్లెక్కకండి. ఆ గ్యారంటీ ఇవ్వగలిగేవాళ్లు ఎవరూ లేరు. వీసా రాకపోతే ఒక ఏడాది పోతుంది, మళ్లీ ప్రయత్నించొచ్చు. అబద్ధం చెప్పినట్టు ముద్ర పడితే మాత్రం, దాన్ని చెరపడానికి ఏ కన్సల్టెన్సీ కూడా తోడు రాదు.